అందరూ తెలిసినవాళ్లే ఉన్న ఊళ్లో మనసు విప్పి ఎవరితో మాట్లాడాలి?

అమెరికాలో చిన్న ఊళ్లకు కొత్తగా వచ్చినవాళ్లు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. "నిద్ర పట్టడం లేదండీ, ఊరికే ఏడుపొస్తోంది. కౌన్సెలర్‌ని కలవాలనుంది. కానీ ఇక్కడ తెలుగువాళ్లం పట్టుమని పాతిక ఇళ్లు కూడా లేం. ఒకరి చెవిన పడితే శనివారానికల్లా అందరికీ తెలిసిపోతుంది. ఎవరి దగ్గరికి వెళ్లమంటారు?"

ఆ భయం ఉత్తదేం కాదు. నలుగురే ఉన్నచోట మాట దాగదు. అందుకే ఊరు దాటి వెతకమని చెబుతాను. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఇక్కడ థెరపిస్టులకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రం. వీడియోలో మాట్లాడినా సరే, మాట్లాడే సమయానికి మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో ఆ రాష్ట్రంలో వాళ్లకు అనుమతి ఉండాలి. అంటే టెక్సస్‌లో ఏ మారుమూల ఊళ్లో ఉన్నా, డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న థెరపిస్టుతో మీ ఇంట్లోంచే మాట్లాడొచ్చు. మీకు అందుబాటులో ఉన్నది మీ ఊళ్లోని ముగ్గురు నలుగురు మాత్రమే అనుకోకండి, రాష్ట్రంలో ఉన్నవాళ్లంతా ఉన్నారు. సైకాలజిస్టుల విషయంలో ఇంకాస్త వెసులుబాటు కూడా ఉంది. సైప్యాక్ట్ అనే ఒప్పందంలో 40కి పైగా రాష్ట్రాలు చేరాయి. మీ రాష్ట్రం అందులో ఉంటే, ఆ ఒప్పందం కింద అనుమతి తీసుకున్న సైకాలజిస్టు వేరే రాష్ట్రంలో ఉన్నా మిమ్మల్ని వీడియోలో చూడొచ్చు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న కౌన్సెలర్‌తో వీడియోలో మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఖర్చు తక్కువ, తెలుగులో మాట్లాడొచ్చు, మనసు కొంత తేలికపడుతుంది. తప్పని అనను. కానీ మీరున్న రాష్ట్రంలో వాళ్లకు లైసెన్సు ఉండదు, ఇన్సూరెన్సు సాధారణంగా డబ్బివ్వదు, అర్ధరాత్రి పరిస్థితి చెయ్యి దాటితే మీ ఊరి అంబులెన్సును పంపించడం వాళ్ల వల్ల కాదు. బాధ తీవ్రంగా ఉన్నప్పుడు మాత్రం ఇక్కడ లైసెన్సు ఉన్న మనిషే మీకు కావాలి.

పేరు వెనక ఉండే అక్షరాలు చూసి కంగారు పడొద్దు. సైకియాట్రిస్ట్ అంటే ఎండీ చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్ట్ డాక్టరేట్ చేసినవారు. ఎల్‌పీసీ, ఎల్‌ఎంహెచ్‌సీ (కౌన్సెలర్లు), ఎల్‌ఎంఎఫ్‌టీ (ఫ్యామిలీ థెరపిస్టులు), ఎల్‌సీఎస్‌డబ్ల్యూ (క్లినికల్ సోషల్ వర్కర్లు) అని రాసుకున్నవాళ్లు మాస్టర్స్ చేసి, ఆపైన సీనియర్ల పర్యవేక్షణలో ఏళ్లపాటు పనిచేసి, పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు. వారం వారం కూర్చుని మాట్లాడేది ఎక్కువగా వీళ్లతోనే. "అసోసియేట్" అని ఉంటే ఇంకా సూపర్‌వైజర్ కింద పనిచేస్తున్నారని అర్థం. అది చట్టబద్ధమే, ఫీజు కూడా తరచుగా తక్కువే ఉంటుంది. సూపర్‌వైజర్ ఎవరో అడిగి తెలుసుకోండి, అంతే. లైఫ్ కోచ్, హీలర్ లాంటి పేర్లతో కనిపించేవాళ్ల సంగతి వేరు. ఆ పేర్లు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. వాళ్ల మీద రాష్ట్రం అజమాయిషీ ఉండదు. మీరు చెప్పింది గుట్టుగా ఉంచాలన్న వృత్తి నియమం కూడా వాళ్లకు వర్తించదు.

లైసెన్సు నిజంగా ఉందో లేదో చూసుకోవడం అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్సులు చూసే బోర్డులు ఉంటాయి. కాలిఫోర్నియాలో బోర్డ్ ఆఫ్ బిహేవియరల్ సైన్సెస్, టెక్సస్‌లో బిహేవియరల్ హెల్త్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, ఇలా. మీ రాష్ట్రం పేరు రాసి పక్కన "థెరపిస్ట్ లైసెన్స్ లుకప్" అని వెతికితే ప్రభుత్వ పేజీ వస్తుంది. ఇంటిపేరు కొట్టండి. లైసెన్సు నంబరు, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నీ కనిపిస్తాయి. స్టేటస్ అన్నచోట "యాక్టివ్" అని ఉండాలి. "ఎక్స్‌పైర్డ్" అని ఉంటే ముందుకెళ్లొద్దు. క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉంటే ఆ వివరాలు కూడా చాలా రాష్ట్రాల్లో అక్కడే దొరుకుతాయి, ఓపిగ్గా చదవండి. కొందరు ఎన్‌పీఐ నంబరు చూపిస్తారు. అది బిల్లింగ్ కోసం ఇచ్చే గుర్తింపు నంబరు, లైసెన్సు కాదు. లైసెన్సు నంబరు అడగడానికి మొహమాటపడకండి. మంచి థెరపిస్టు ఎవరూ దానికి నొచ్చుకోరు.

ఇక చిన్న ఊళ్లలో తరచుగా వచ్చే చిక్కు. మీ తెలుగు సంఘంలోనే లైసెన్సు ఉన్న అక్కయ్య ఒకరు ఉంటారు. మంచి మనిషి, అందరికీ సాయం చేస్తారు. "ఆవిడ దగ్గరికే వెళ్లకూడదూ?" అని అడుగుతారు. వెళ్లొద్దు. ఆవిడ మీద అనుమానంతో చెప్పడం లేదు. మీ పిల్లలూ వాళ్ల పిల్లలూ ఒకే డాన్స్ క్లాసుకు వెళ్తుంటే, మీవారూ వాళ్లాయనా ఒకే ఆఫీసులో పనిచేస్తుంటే, అక్కడ మీరు మనసు విప్పి మాట్లాడలేరు. మీ అత్తగారి గురించి సోమవారం చెప్పిన మాట ఆదివారం ఆవిడ ఎదుటపడగానే గుర్తొస్తుంది. ఇలాంటి రెండు రకాల సంబంధాలకు దూరంగా ఉండమని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ నియమావళులు కూడా చెబుతాయి. పద్ధతి తెలిసిన థెరపిస్టయితే తనే "మీ కుటుంబం నాకు తెలుసు, వేరేవాళ్ల పేర్లిస్తాను" అంటారు. ఆ మాటకు నొచ్చుకోకండి, మీ మేలు కోరే అంటారు. అలాంటివాళ్లను పేర్లు అడిగి తీసుకోవడానికి మాత్రం తప్పకుండా కలవండి. బయటివాళ్లకు దొరకని సమాచారం వాళ్ల దగ్గర ఉంటుంది.

తెలుగు థెరపిస్టే కావాలా అన్నది తర్వాతి ప్రశ్న. సైకాలజీ టుడే వెబ్‌సైట్‌లోని థెరపిస్టుల డైరెక్టరీలో రాష్ట్రం, ఇన్సూరెన్సు, భాష ఎంచుకుని వెతకొచ్చు. న్యూజెర్సీ కేంద్రంగా ఉన్న సౌత్ ఏషియన్ మెంటల్ హెల్త్ ఇనిషియేటివ్ అండ్ నెట్‌వర్క్ లాంటి సంస్థలు దక్షిణాసియా నేపథ్యం ఉన్న థెరపిస్టుల వివరాలు ఇస్తాయి. దొరికితే సంతోషం. దొరకలేదని ఆర్నెల్లు ఆగడం మాత్రం నాకు నచ్చదు. మన ఇళ్లు తెలియని మనిషైనా, అడిగి తెలుసుకునే గుణం ఉంటే చాలు. ఆ గుణం ఉందో లేదో మొదటి ఫోన్‌కాల్‌లోనే కొంత తెలిసిపోతుంది. చాలామంది 15 నిమిషాలు ఉచితంగా మాట్లాడతారు. ఒక చిన్న మాట చెప్పి చూడండి: "మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు మాతోనే ఉంటారు, నాకు ఊపిరాడటం లేదు." "రావొద్దని చెప్పేయండి" అని వెంటనే తేల్చేస్తే ఇంకొకరిని చూసుకోండి. "ఆవిడ వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏం మారుతుంది? మీ భర్త ఏమంటారు?" అని అడిగితే మీకు పనికొచ్చే మనిషి దొరికినట్టే.

ఇంగ్లీషు రాని అమ్మానాన్నల కోసమైతే ఇంకో మాట. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని చెప్పండి. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టి అనువాదం చేయించకండి. పిల్లల ఎదుట పెద్దవాళ్లు అసలు విషయం చెప్పరు, విన్న పిల్లలకు అది మోయలేని బరువు.

డబ్బు సంగతి. ఇన్సూరెన్సు లేకుండా ఒక్కో సెషన్‌కు 100 నుంచి 200 డాలర్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే అవుతుంది. 2008లో వచ్చిన పారిటీ చట్టం ప్రకారం, మానసిక వైద్యానికి కవరేజీ ఇచ్చే ప్లాన్లు మామూలు వైద్యం కంటే దానికి కఠినమైన పరిమితులు పెట్టకూడదు. ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేసి 90834, 90837 కోడ్‌లకు నా కోపే (ప్రతిసారీ నేను కట్టే వాటా) ఎంత, డిడక్టిబుల్ (ఇన్సూరెన్సు ఇవ్వడం మొదలుపెట్టేలోపు ఏడాదిలో నేను కట్టాల్సిన మొత్తం) ముందు కట్టాలా అని అడగండి. అవి 45 నిమిషాలు, గంట సెషన్ల కోడ్‌లు. కోడ్ చెప్పి అడిగితే జవాబు సూటిగా వస్తుంది. వాళ్లిచ్చే నెట్‌వర్క్ జాబితాలో, అంటే వాళ్లతో ఒప్పందం ఉన్న థెరపిస్టుల్లో, సగంమంది ఫోన్ ఎత్తకపోయినా, కొత్తవాళ్లను తీసుకోవడం లేదన్నా ఆశ్చర్యపోకండి. ఎవరికి ఏ తేదీన ఫోన్ చేశారో రాసిపెట్టుకుని మళ్లీ ఇన్సూరెన్సుకే ఫోన్ చేసి, "నెట్‌వర్క్‌లో ఎవరూ దొరకలేదు, సింగిల్ కేస్ అగ్రిమెంట్ ఇవ్వండి" అని అడగండి. అంటే నెట్‌వర్క్‌లో లేని థెరపిస్టుకు కూడా మీ ఒక్కరి కోసం నెట్‌వర్క్‌లో ఉన్నట్టే డబ్బిచ్చే ఒప్పందం. ప్రతిసారీ ఒప్పుకోరు, అయినా అడగాల్సిందే. మీ కంపెనీలోనో మీవారి కంపెనీలోనో ఈఏపీ (ఉద్యోగులకు కౌన్సెలింగ్ లాంటి సాయం ఇచ్చే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్) ఉంటే మొదటి కొన్ని సెషన్లు ఉచితం, చాలాచోట్ల కుటుంబసభ్యులకు కూడా. స్టూడెంట్లయితే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌తో మొదలుపెట్టండి. ఇన్సూరెన్సు లేనివాళ్లకు ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి.

అందరికీ టెన్షన్ పెట్టే విషయం గోప్యత. థెరపిస్టు మీ మాటలు బయట చెప్పకూడదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇలాంటి కొన్ని సందర్భాలే దానికి మినహాయింపు. మొదటి సెషన్‌లోనే అవేమిటో వివరంగా చెప్పించుకోండి. మీ మేనేజరుకు ఆ నోట్సు చూసే హక్కు లేదు. ఇక గ్రీన్‌కార్డు. కౌన్సెలింగ్‌కు వెళ్లడమో, డిప్రెషన్‌కు మందులు వాడటమో దానంతట అది గ్రీన్‌కార్డు నిరాకరించడానికి కారణం కాదు. చట్టం చూసేది జబ్బుతో పాటు తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. మెడికల్ పరీక్షలో డాక్టరు అడిగితే వాడుతున్న మందులు దాచకుండా చెప్పండి.

నిజంగా విషయం బయటపడేది ఎవరూ ఊహించని దారిలో. సెషన్ అయ్యాక ఇన్సూరెన్సు కంపెనీ ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్ అనే కాగితం పంపుతుంది. థెరపిస్టు పేరు, తేదీ, ఎంత బిల్లయింది, అన్నీ అందులో ఉంటాయి. అది సాధారణంగా పాలసీ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకు వెళుతుంది. హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చి భర్త ఇన్సూరెన్సులో ఉన్న అమ్మాయికి ఇది చాలా ముఖ్యం. అమ్మానాన్నల పాలసీలో ఉన్న 20 ఏళ్ల పిల్లలకూ అంతే. ఇన్సూరెన్సు కంపెనీకి "కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్ రిక్వెస్ట్" రాసిచ్చి, నా కాగితాలు ఫలానా చిరునామాకే పంపండి అని కోరొచ్చు. బయటపడితే నాకు ప్రమాదం అని అందులో రాస్తే, ఫెడరల్ నియమాల ప్రకారం సహేతుకమైన ఆ కోరికను వాళ్లు మన్నించి తీరాలి. కాలిఫోర్నియాలో అయితే చాలా ప్లాన్లకు ప్రమాదం అని రాయాల్సిన అవసరం కూడా లేదు. మొదటి సెషన్‌కు ముందే ఈ పని చేయండి, బిల్లు వెళ్లాక చేసి లాభం లేదు.

ఇంట్లో చెయ్యి చేసుకుంటున్నారంటే దంపతులిద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టకండి. అక్కడ చెప్పిన మాటకు ఇంటికొచ్చాక దెబ్బలు తినాల్సి రావచ్చు. ముందు నేషనల్ డొమెస్టిక్ వయలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233కి ఫోన్ చేయండి. న్యూజెర్సీలో 1985 నుంచి పనిచేస్తున్న మానవి లాంటి దక్షిణాసియా మహిళా సంస్థలూ ఉన్నాయి. చచ్చిపోవాలనిపిస్తుంటే, ఏ వేళైనా సరే, 988కి ఫోన్ చేయండి, లేదా మెసేజ్ పెట్టండి. ఫోన్‌లో దుబాసీ సాయం కూడా దొరుకుతుంది. వీసా ఏమిటని అక్కడ ఎవరూ లెక్క చూడరు.

వెయిటింగ్ లిస్టులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఈలోపు మీ ఫ్యామిలీ డాక్టరును కలవండి. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తారు. దాంతో డిప్రెషన్ ఎంతుందో ఒక అంచనా వస్తుంది, అవసరమైతే మందు వాళ్లే మొదలుపెడతారు. థైరాయిడ్ లాంటివి కారణమేమో రక్తపరీక్షతో చూస్తారు.

థెరపిస్టులకు ఏమని రాయాలో తెలియక చాలామంది అక్కడే ఆగిపోతారు. మీ కథంతా రాయక్కర్లేదు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు, ఏ ఇన్సూరెన్సు, వీడియోలో కావాలి, ఏ వేళల్లో కుదురుతుంది, బాధ ఒక్క ముక్కలో: "నిద్ర లేదు, భయం, రెండు నెలలుగా" అంటే సరిపోతుంది. మీ ఊరి పేరు చెప్పి, మీకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో ఎవరైనా వాళ్లకు పరిచయమా అన్నది ఫోన్‌లో అడగండి. ఒక్కరికే పంపి ఎదురుచూడకుండా అయిదారుగురికి ఒకేసారి పంపండి. జవాబిచ్చినవాళ్లలో ఇద్దరితో మాట్లాడి ఎంచుకోండి. మూడు నాలుగు సెషన్ల తర్వాత కూడా ఆ మనిషితో కుదరలేదనిపిస్తే నేరుగా చెప్పి, ఇంకొకరి పేరు అడగండి. ఇండియా ప్రయాణం ఉంటే మాత్రం టికెట్ కొన్న వెంటనే థెరపిస్టుకు చెప్పండి. మీరు అక్కడున్నన్నాళ్లు వీడియో సెషన్లు చేయడం వాళ్లకు కుదరకపోవచ్చు, ఆ వారాల కోసం ముందే ఏదో ఒకటి అనుకోవాలి.