ఇంగ్లండ్‌లో షుగర్ చూసేది ఒక్క డాక్టరు కాదు

ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: "ఊళ్లో నేరుగా షుగర్ డాక్టరు దగ్గరికే వెళ్లేవాళ్లం. ఇక్కడేమో నర్సును కలవమంటున్నారు. మమ్మల్ని పట్టించుకోవడం లేదా?"

పట్టించుకుంటున్నారు. ఇక్కడ టైప్ 2 షుగర్‌ని ఎక్కువగా జీపీ సర్జరీలోనే, అంటే ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌లోనే చూస్తారు. అక్కడ షుగర్ చూసే నర్సు దానికోసం శిక్షణ తీసుకున్నవారే. అవసరమైతే డైటీషియన్‌కి, పాదాల నిపుణులకి, ఆసుపత్రికి పంపుతారు.

అయితే వీళ్లందరికీ మీ సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది. ఏం తింటారని అడిగితే "నార్మల్ ఫుడ్" అని ఊరుకోకండి. రెండు పూటలా అన్నం, శనివారం ఉపవాసం, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్, అన్నీ చెప్పండి. షుగర్ తగ్గించే గ్లిక్లజైడ్ మాత్రో ఇన్సులినో వాడుతూ పస్తుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు ఇంకా వేసుకుంటుంటే అది అస్సలు దాచొద్దు. మన మాత్రల్లో చాలావాటిలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఇక్కడ రాసిచ్చినవి కూడా వేసుకుంటే అదే మందు రెండింతలు పడొచ్చు. స్ట్రిప్ తీసుకెళ్లి ఫార్మసిస్టుకు చూపించండి, ఆ బ్రాండు పేరు తెలియకపోయినా లోపలి మందు పేరు చూసి చెప్తారు. ఇంగ్లిష్‌లో చెప్పుకోలేని అమ్మానాన్నలకు దుబాసీ కావాలని ముందే అడగండి, డబ్బు కట్టక్కర్లేదు.

రిపోర్టులో అంకెలు చూసి టెన్షన్ పడకండి. ఇక్కడ కొలిచే యూనిట్లు వేరు. రక్తంలో షుగర్ మన 126 ఇక్కడ 7. రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 7 శాతం ఉంటే 53 అని వేస్తారు.

ఏడాదికోసారి రక్తం, బీపీ, బరువు, పాదాలు చూస్తారు. మూత్రం శాంపిల్ కూడా అడుగుతారు. మనవాళ్లు చాలామంది దాన్ని వదిలేస్తారు, కానీ కిడ్నీ దెబ్బతినడం మొదలైతే తొలి జాడ కనిపించేది అందులోనే. కంటి స్క్రీనింగ్‌కి వేరే ఉత్తరం వస్తుంది. కళ్లజోడు కోసం చేయించుకున్న పరీక్ష దానికి బదులు కాదు. స్క్రీనింగ్‌లో కంట్లో చుక్కల మందు వేస్తే చూపు కాసేపు మసకబారుతుంది, కారు తీసుకెళ్లకండి.

షుగర్‌కి మందులు వాడేవాళ్లు సర్జరీలో ఎఫ్‌పీ92ఏ ఫారం అడగండి, మందుల చార్జీ మినహాయింపు సర్టిఫికెట్‌కి దరఖాస్తు అది. ఆ సర్టిఫికెట్ వస్తే మామూలుగా 5 ఏళ్లు ప్రిస్క్రిప్షన్ చార్జీ ఉండదు, షుగర్ మందులకే కాదు, మిగతావాటికీ. ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లు కారు నడుపుతుంటే డ్రైవింగ్ లైసెన్సులు చూసే డీవీఎల్‌ఏకి తెలియజేయాలి.

పాదం మీద పుండు పడినా, రంగు మారినా ఏడాది చెకప్ దాకా ఆగొద్దు. అదే రోజు సర్జరీకి ఫోన్ చేయండి, మూసి ఉంటే ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) హెల్ప్‌లైన్ 111కి.