ఉద్యోగం చేసుకుంటూ విమానం నడపడం నేర్చుకోవచ్చా? డెంటన్‌లో నా అనుభవం

మీకు 37 ఏళ్లని, కళ్లద్దాలు ఉన్నాయని, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని రాశారు. ఒకసారి చిన్న విమానం ఎక్కినప్పటి నుంచి మనసు అక్కడే ఉందని చెబుతూ, ఇది నిలిచే ఇష్టమా లేక నాలుగు రోజుల మోజా అన్నది తెలుసుకునేదెలా అని అడిగారు. నేను 36వ ఏట డాలస్‌కు దగ్గరలోని డెంటన్ విమానాశ్రయంలో శిక్షణ మొదలుపెట్టి, సెలవు రోజుల్లోనే నేర్చుకుంటూ 19 నెలలకు ప్రైవేట్ పైలట్ లైసెన్సు తీసుకున్నాను. మొదటిసారి ఎగిరినప్పుడు కలిగే ఆనందం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదని నా నమ్మకం. నాకైతే జవాబు ల్యాండింగులు కుదరని రెండు నెలల్లో దొరికింది.

మొదటి రోజు రే రాబర్ట్స్ సరస్సు మీద శిక్షకుడు సెస్నా 172 అనే చిన్న విమానం నియంత్రణను నా చేతికిచ్చి, అంత గట్టిగా బిగించవద్దనీ, రెండు వేళ్లతో పట్టుకుంటే చాలనీ చెప్పారు. ఆ సాయంత్రమంతా నేల మీద కాళ్లు ఆనలేదు. అయితే ఆ స్థానంలో ఎవరున్నా అలాగే ఉండేదేమో.

అసలు పరీక్ష నేను మొత్తం పది గంటలు ఎగిరాక మొదలైంది. ఈ విమానాన్ని దాదాపు 65 నాట్ల వేగంతో, అంటే గంటకు 120 కిలోమీటర్ల వేగంతో రన్‌వే మీదికి తెచ్చి, నేలకు దగ్గరయ్యాక ముక్కును మెల్లగా పైకెత్తి, వేగం తగ్గుతున్నకొద్దీ అది తనంతట తానే చక్రాల మీద కూర్చునేలా పట్టి ఉంచాలి. నేను ప్రతిసారీ ముందుగానే ముక్కు ఎత్తేవాణ్ణి. మిగిలి ఉన్న వేగానికి విమానం మళ్లీ పైకి లేచేది. నేను కంగారుపడి ముక్కు దించబోయేవాణ్ణి. ముందు చక్రం నేలను గుద్దుకునే ప్రమాదం ఉండటంతో శిక్షకుడు పూర్తి థ్రాటిల్ (ఇంజిన్ శక్తి) ఇచ్చి మళ్లీ పైకి తీసుకుపొమ్మనేవారు. ఒక శనివారం ఏడు ప్రయత్నాల్లో ఒక్కటి కూడా సవ్యంగా దిగలేదు.

చూపు ఎక్కడ నిలుపుతున్నానన్నదే నా పొరపాటని చాలా ఆలస్యంగా తెలిసింది. నేను విమానం ముక్కుకు ఎదురుగా ఉన్న నేలను చూస్తున్నాను. ఆ వేగంలో దగ్గరి నేల చెదిరిపోతుంది కనుక ఎత్తు ఎంతో కన్ను చెప్పలేదు. చూపును రన్‌వే చివరికంటా చాపితే, రన్‌వే రెండు అంచులూ కంటి పక్కల నుంచి పైకి లేస్తున్నట్లు కనిపించి, నేల ఎంత దగ్గరైందో తెలిసిపోతుంది. దీనికి తోడు, రెక్కల మొత్తం పొడవైన 36 అడుగుల కన్నా తక్కువ ఎత్తులోకి వచ్చాక విమానానికి గాలి నిరోధం తగ్గుతుంది. అందువల్ల అది దిగకుండా రన్‌వే వెంట తేలుతూ పోతుంది. అక్కడ కావలసింది ఓపిక, ఆ ఓపిక చేతికి అలవాటు కావాలి.

ఆ రెండు నెలల్లో ప్రతి ఆదివారం రాత్రీ మానేద్దామనుకున్నాను. అయినా శనివారం తెల్లవారకముందే మెలకువ వచ్చేది. రెక్క కింద చిన్న గొట్టంలోకి ఇంధనం పట్టి, దాని నీలి రంగు సరిగా ఉందా, అడుగున నీటి బొట్టు ఏమైనా చేరిందా అని వెలుతురుకు ఎత్తి చూసే పని మీద కూడా నాకు ప్రేమ కలిగిందని అప్పుడే గమనించాను. కుదరని పనికి కూడా ఎదురుచూస్తున్నానంటే అది మోజు కాదని నాకు తేలిపోయింది.

మా ఊళ్లో బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు కట్టిన బెండ్లను ఒక్కొక్కటిగా తీసేసేవారు. ఒక ఉదయం శిక్షకుడు ఇక ఒక్కణ్ణే ఎగరమని తలుపు తీసుకుని దిగిపోయినప్పుడు నాకు ఆ బావే గుర్తుకొచ్చింది. పక్క సీటులో 80 కిలోల బరువు తగ్గిన విమానం నేను అనుకున్న దానికన్నా ముందే నేల విడిచింది. మూడుసార్లు ఎగిరి మూడుసార్లు దిగాను. ఖమ్మంలో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే, "ఒక్కడివే ఎందుకు పోయావురా నాన్నా?" అని చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ఒంటరిగా ఆర్డ్‌మోర్ వెళ్లిన రోజున, ఐ-35 రహదారి వెంట పోతూ రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలో అడుగుపెట్టాను. లెక్క వేసుకున్న నిమిషానికే ఆ నది కనిపించినప్పుడు కలిగిన సంతోషం మొదటి రోజుటి కన్నా లోతైనది.

ఇక మీ సందేహాల సంగతి. అద్దాలు అడ్డు కావు; ప్రైవేట్ లైసెన్సుకు కావలసిన మూడో తరగతి వైద్య పరీక్షలో అద్దాలతో దూరపు చూపు 20/40 ఉంటే చాలు, అంటే మామూలు చూపున్నవారు 40 అడుగుల నుంచి చదవగలిగింది మీరు 20 అడుగుల నుంచి చదవగలిగితే సరిపోతుంది. క్రమం తప్పకుండా వాడే మందులేమైనా ఉంటే, దరఖాస్తు నింపకముందే ఆ విషయం విమానయాన వైద్యుడితో మాట్లాడండి. మీరు అమెరికా పౌరులు కాకపోతే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, శిక్షణకు ముందు టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి, వేలిముద్రలు తప్పవు. నిబంధన ప్రకారం కనీసం 40 గంటలు ఎగరాలి, నాకు 71 పట్టాయి; డబ్బు లెక్క వేసుకునేటప్పుడు 40ని నమ్ముకోవద్దు. ఇండియాలో పైలట్ ఉద్యోగం మీ ఉద్దేశమైతే అది వేరే దారి, అక్కడ కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు కావాలి.

డబ్బు కొంత కూడబెట్టుకున్నాకే మొదలుపెట్టండి. నెలకొక్కసారి వెళితే పోయినసారి నేర్చుకున్నది మళ్లీ నేర్చుకోవడానికే గంట గడిచిపోతుంది. ల్యాండింగుల దశలోనైనా వారానికి రెండు పాఠాలు, గాలి నెమ్మదిగా ఉండే ఉదయం ఏడు గంటలకే పెట్టుకోండి.