ఆగస్టు చివర వేరుశనగ వేయవచ్చా? బెట్ట ఏడాదిలో తిండి గింజలు, మేత, బోరు నీరు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతం. ఐదెకరాల ఎర్ర నేల ఉంది. జూన్, జూలైలలో పదును వాన పడలేదు. వేరుశనగ విత్తనకాయలు ఇంట్లోనే ఉన్నాయి. బోరు రోజుకు రెండు గంటలు పోసి ఆగిపోతోంది. 200 లీటర్ల డ్రమ్ము నిండటానికి నాలుగు నిమిషాలు పడుతోంది. రెండు ఆవులు, ఇరవై గొర్రెలు ఉన్నాయి. ఆగస్టు చివరలో వాన పడితే వేరుశనగ వేయవచ్చా? మరో బోరు వేయించమంటారా?

జవాబు: వేరుశనగ వేయవద్దు, బోరూ వేయించవద్దు. ఇంట్లో విత్తనం ఉండగా వేయవద్దనడం ఎంత కష్టమో తెలిసే ఈ మాట చెబుతున్నాము, కారణం మీ బోరు లెక్కలోనే ఉంది. ఒక ఎకరాకు ఒక్క మిల్లీమీటరు నీరు అంటే సుమారు నాలుగు వేల లీటర్లు. వేరుశనగకు పంట కాలమంతటికీ కనీసం 400 మి.మీ. కావాలి. అందులో సగం వాన ఇచ్చినా, మిగతా సగం అందించడానికి ఎకరాకు ఎనిమిది లక్షల లీటర్లు అవసరం. మీ బోరు ఇచ్చేది రోజుకు ఆరు వేల లీటర్లు కనుక, రోజూ ఆపకుండా పోసినా ఒక్క ఎకరాకే 130 రోజులకు పైగా పడుతుంది, కదిరి-6 వంటి రకాల పంట కాలమే అంత ఉండదు. పైగా ఆలస్యంగా వేసిన పైరులో ఊడలు (పూల నుంచి నేలలోకి దిగి కాయ పట్టే కాడలు) దిగి కాయ నిండే దశ అక్టోబరు దాటాక, వానలు వెనక్కి పోయే రోజుల్లో పడుతుంది. పొరుగు బోర్లు కూడా ఇదే తీరున ఆగి ఆగి పోస్తున్నట్లయితే, కొత్త బోరు అదే నీటిని ఇంకో రంధ్రం గుండా తోడడమే అవుతుంది, కొత్త నీటిని పుట్టించదు.

అయితే మన జిల్లాలో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరులోనే కాబట్టి ఆశ వదులుకోవలసిన పని లేదు. ఆ వానను ఏ పంటకు ఇవ్వాలన్నదే ఇప్పుడు తేల్చుకోవలసిన విషయం. 20 మి.మీ. వాన పడి పదును అందిన వెంటనే రెండెకరాల్లో కొర్ర విత్తండి. నంద్యాల పరిశోధనా స్థానం రూపొందించిన సూర్యనంది రకం 70–75 రోజుల్లో కోతకు వస్తుంది. గొర్రుతో సాళ్లలో వేస్తే ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. మిగతా మూడెకరాల్లో ఉలవ వేయండి. ఎకరాకు 8–10 కిలోల విత్తనం పడుతుంది, సెప్టెంబరు చివరి దాకా వేసుకునే వెసులుబాటు ఉంది కనుక వాన ఇంకా జాప్యమైనా కంగారు పడనక్కరలేదు. ఏ పంట వేసినా ఈ-పంటలో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదు) నమోదు చేయించుకోండి.

ఈ పంటలకు వేరుశనగ అంత రాబడి రాదు, అది నిజం. కానీ కొర్ర, జొన్న, ఉలవ పండిన పొలాలు ఒకప్పుడు ఇంటికి సంగటినీ పశువుకు మేతనూ ఒకేసారి ఇచ్చేవి. వేరుశనగ ఒక్కటే పరుచుకున్నాక, పంట పోయిన ఏడాది రైతు గింజలు కూడా అంగడిలోనే కొనవలసి వస్తోంది, అదీ ధరలు పెరిగిన సమయంలో. కొర్ర గింజ సరిగా పట్టకపోయినా గడ్డి మిగులుతుంది.

ఇక బోరు నీరు. ఆవు ఒక్కటికి రోజుకు 50–60 లీటర్లు, గొర్రెకు 5 లీటర్ల చొప్పున అన్నిటికీ కలిపి 220 లీటర్లు సరిపోతాయి. పది సెంట్లలో పశుగ్రాసం పెంచడానికి రోజుకు రెండు వేల లీటర్లు చాలు. ఇంటి అవసరాలు, నాలుగు మడుల కూరగాయలు తీరాక మిగిలినది తోడకుండా నేలలోనే ఉంచండి. వరి గడ్డి కొనవలసి వస్తే 100 కిలోలకు 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచాక ఆవులకు మేపండి, దూడలకు పెట్టవద్దు.

బెట్ట ఏడాదిలో పశువులు చనిపోయేది ఆకలితోనే కాదు, నాముతో (జొన్న మేత వల్ల కలిగే విషంతో) కూడా. వాడిపోయిన లేత జొన్నలోనూ, కోసిన మోళ్ల నుంచి వాన తరువాత వచ్చే పిలకల్లోనూ సైనైడ్ విషం ఎక్కువగా ఉంటుంది. ఆకలి మీదున్న మంద అటువంటి చేలో పడితే నిమిషాల్లోనే ఎగశ్వాస, నోటి నురగ, తూలిపడటం కనిపిస్తాయి. పూత దశకు రాని జొన్నను మేపవద్దు. పడిపోయిన పశువుకు గొట్టంతో ఏమీ పోయకుండా వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి, పశు అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి. సోడియం థయోసల్ఫేట్ సూది సకాలంలో పడితే బతికే అవకాశం ఉంటుంది.

మీ దగ్గరున్న విత్తనకాయలకు మందు పట్టించి ఉంటే అవి తినడానికీ గానుగకూ పనికిరావు. మందు పట్టించనివైతే, బూజు పట్టినవి ఏరి పారవేసి, ఇంటికి కావలసినవి ఉంచుకుని మిగతావి ధర చూసి అమ్మివేయండి. వచ్చే ఖరీఫ్‌కని కొన్ని దాచదలిస్తే పప్పు ఒలవకుండా కాయలుగానే ఎండబెట్టి నిల్వ చేయండి. మే నెలలో నూరు గింజలను తడి గోనెలో చుట్టి చూసి, మొలక 70కి తగ్గితే వాటిని విత్తనంగా వాడవద్దు.