పాసివ్ వాయిస్ గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పాసివ్ వాయిస్ అనగానే టెన్షన్ వస్తోందని రాశావు. నువ్వు పంపిన కాగితం రెండుసార్లు చదివాను. పాసివ్ రూపాల పట్టిక మొత్తం బట్టీ పట్టావు, సొంతంగా వాక్యం రాయాల్సి వస్తే మాత్రం చెయ్యి ఆగిపోతోంది. ఆ పట్టికను కొన్నాళ్లు పక్కన పెట్టు తల్లీ.

మనకు బడిలో పాసివ్ అంటే 'తలుపు మూయబడింది' అని నేర్పుతారు. అలా ఎవరు మాట్లాడతారు చెప్పు? 'తలుపుకి తాళం వేశారు' అంటాం. ఎవరు వేశారో చెప్పం, అవసరం లేదు. ఇంగ్లీషులో మామూలు వాక్యం కర్త లేకుండా నిలబడదు. అందుకే తలుపునే తెచ్చి ముందు పెడతారు: 'ద డోర్ వాజ్ లాక్డ్'. నీ మనసులో 'వేశారు, పిలిచారు, ఇచ్చారు' అని పేరు లేకుండా మాట వచ్చిందంటే, ఇంగ్లీషులో అక్కడ పాసివ్ సరిగ్గా సరిపోతుంది.

ఇక పాసివ్ వాక్యం కట్టడం. 'రైట్, రోట్, రిటన్'లో మూడోది తీసుకో. ఈజ్ రిటన్, వాజ్ రిటన్, విల్ బి రిటన్, హ్యాజ్ బీన్ రిటన్, ఈజ్ బీయింగ్ రిటన్. రిటన్ ఎక్కడైనా మారిందా? కాలం బరువంతా దాని ముందున్న మాటలే మోస్తున్నాయి. అందుకే క్రియల మూడో రూపాలు రాకపోతే మిగతాదెంత చదివినా లాభం లేదు. రోజుకి ఐదు చొప్పున నేర్చుకో.

నీ కాగితంలో 'ద వర్క్ ఈజ్ బీన్ డన్' అని ఉంది. బీన్, బీయింగ్ చెవికి దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి చాలామంది ఇక్కడే పడతారు. పని ఇంకా జరుగుతుంటే 'ఈజ్ బీయింగ్ డన్'. అయిపోతే 'హ్యాజ్ బీన్ డన్'.

'యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్' అని కూడా రాశావు. క్రియను 'దేన్ని? ఎవర్ని?' అని అడుగు. లాక్ చేశారు, దేన్ని? తలుపుని. హ్యాపెన్ అయింది, దేన్ని? జవాబు లేదు, కాబట్టి పాసివ్ లేదు. 'యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్', అంతే. అరైవ్, డై, స్లీప్ కూడా ఇంతే.

చివర్లో 'బై సమ్‌బడీ' తగిలించకు. ఎవరో చెప్పడమే ముఖ్యమైతేనే బై పెట్టు: 'ఎక్స్‌రేస్ వర్ డిస్కవర్డ్ బై రాంట్‌జెన్ ఇన్ 1895'.

ఇంకొక్కటి, ఇది వ్యాకరణం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతిలోనే ఒక ఫైలు పోయింది. 'ద ఫైల్ వాజ్ మిస్‌ప్లేస్డ్' అని రాసిచ్చాను. పై అధికారి చదివి, 'ఎవరు?' అని ఒక్క మాట అడిగారు. ఆ కాగితం వెనక్కి తీసుకుని 'ఐ మిస్‌ప్లేస్డ్ ద ఫైల్' అని మళ్లీ రాశాను. తప్పు నీదైనప్పుడు పాసివ్ వెనక దాక్కోకు తల్లీ.

ఈ వారం నీ గదిలో ఎవరో చేసి వెళ్లిన పనులు చూసి పది వాక్యాలు రాసి పంపు. ఎర్ర పెన్ను సిద్ధంగా పెట్టుకుంటాను.

ఇట్లు,
మావయ్య