చూపు తిరిగొచ్చినంత మాత్రాన తగ్గిపోయినట్టు కాదు

ప్రశ్న: నా వయసు 31. ఎనిమిది నెలల కిందట కుడి కంట్లో నొప్పి వచ్చి చూపు మసకబారింది. మూడు వారాల్లో దానంతటదే తగ్గింది. పోయిన నెల నడుము కింద నుంచి రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి. ఇంట్లో వేరేవాళ్లకు రాసిన స్టెరాయిడ్ మాత్రలు ఐదు రోజులు వేసుకున్నాక కాస్త నయమైంది. ఆ తర్వాత తీయించిన ఎంఆర్‌ఐలో ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాముల్లో నరాల పొర దెబ్బతినే జబ్బు) అనుమానం ఉందిగానీ, మెక్‌డొనాల్డ్ క్రైటీరియాకు పూర్తిగా సరిపోలేదని రాశారు. ఎవరీ మెక్‌డొనాల్డ్? సరిపోలేదంటే నాకు జబ్బు లేనట్టేనా? వేడినీళ్ల స్నానం చేస్తే మాత్రం ఆ కన్ను కాసేపు మసకగా ఉంటోంది.

జవాబు: ఇయాన్ మెక్‌డొనాల్డ్ న్యూజిలాండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసిన న్యూరాలజిస్టు. నరం మీది మైలిన్ పొర దెబ్బతింటే సంకేతం ఏమవుతుందన్న ప్రశ్న చుట్టూనే ఆయన పరిశోధనంతా సాగింది. పొర పోయిన చోట సంకేతం నెమ్మదిస్తుందని, ఒక్కోసారి ఆగిపోతుందని జంతువులపై ప్రయోగాల్లో చూపించారు. 1972లో హాలిడే, ముషిన్‌లతో కలిసి చేసిన పని సరిగ్గా మీలాంటివారి గురించే. తెర మీద నలుపు తెలుపు గళ్లు తారుమారవుతుంటే రోగి వాటినే చూస్తూ కూర్చోవాలి. తల వెనక అతికించిన ఎలక్ట్రోడ్లు కంటి సంకేతం మెదడుకు చేరే సమయాన్ని కొలుస్తాయి. చూపు బాగుపడినవారిలో కూడా అది ఆలస్యంగానే చేరుతోందని తేలింది. అదే ఇప్పటి వీఈపీ పరీక్ష. పొర దెబ్బతిన్న నరం ఒంటి వేడి కొద్దిగా పెరిగినా తడబడుతుంది. మీ స్నానం తర్వాతి మసక అదే కావచ్చు. చల్లబడ్డాక పోతుంటే దాన్ని కొత్త దాడిగా లెక్కపెట్టం.

ఎంఎస్‌ను నిర్ధారించడానికి ఆయన నేతృత్వంలోని నిపుణులు 2001లో ఇచ్చిన నియమాలే ఈ క్రైటీరియా, వాటిని తర్వాత చాలాసార్లు సవరించారు. కంటి నరాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది 2024 సవరణ. మీ రిపోర్టులో ఏది వాడారో అడగండి. పైగా అది స్కాన్ చూసి మాత్రమే తేల్చేది కాదు. మీ రెండు ఎపిసోడ్ల కథ విని, మిమ్మల్ని పరీక్షించి న్యూరాలజిస్టు నిర్ణయించాలి. చూడకుండా ఎంఎస్ అని గానీ, కాదని గానీ నేను చెప్పలేను.

మీరు అడగకపోయినా నాకు టెన్షన్ పెడుతున్నది ఆ మాత్రలు. వేరేవాళ్ల స్టెరాయిడ్లు ఎలా వేసుకున్నారమ్మా? మెదడులో కొత్త మచ్చలు కాంట్రాస్ట్ (స్కాన్ కోసం ఎక్కించే మందు) ఇచ్చినప్పుడు వెలుగుతాయి. స్టెరాయిడ్ వాడాక అవి వెలగకపోవచ్చు. మీ క్రైటీరియా సరిపోకపోవడానికి అదీ ఒక కారణమై ఉండొచ్చు. కంటి నరం వాపు మీద 1992లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే వాడినవారికి వాపు తిరగబెట్టడం ఎక్కువైంది. మేము సాధారణంగా స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తాం, అదీ ఇన్ఫెక్షన్, షుగర్, బీపీ చూసుకున్నాకే. దానివల్ల కోలుకోవడం త్వరగా జరుగుతుంది, అంతే. తర్వాతి దాడిని ఆపేవి వేరే మందులు. వాటిని మొదలుపెట్టాల్సిన సమయమే మీ ఎనిమిది నెలల్లో కరిగిపోయి ఉండొచ్చు.

ఇంకో మాట. కన్ను, వెన్నుపాము రెండూ దెబ్బతినే జబ్బు ఎంఎస్ ఒక్కటే కాదు. ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) అనేదాంట్లో దాడి తర్వాత కోలుకోవడం తక్కువ, ఎంఎస్‌కు వాడే కొన్ని మందులు దాన్ని ముదిరేలా చేస్తాయి. అందుకే ఇలాంటి జబ్బులను గుర్తించే ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) యాంటీబాడీ రక్త పరీక్షలు అవసరమా అని మీ డాక్టర్‌ను అడగండి. విటమిన్ బి12 కూడా చూడాలి.

ఈ వారంలోనే న్యూరాలజిస్టును కలవండి. స్కాన్ ఫిల్ములు, రిపోర్టు తీసుకెళ్లండి. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఏ తేదీల్లో వేసుకున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి, దాచొద్దు. ఈలోగా కాళ్లలో పట్టు తగ్గినా, మూత్రం ఆగినా, చూపు మళ్లీ తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. గర్భం గురించి ఆలోచిస్తుంటే ఆ సంగతీ మొదటి విజిట్‌లోనే చెప్పండి, మందుల ఎంపిక దాన్నిబట్టి మారుతుంది.