అడిగేదాకా బిల్లు రాదు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

రోమ్ నుంచి వచ్చాక నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెస్తాచో పేటలో ఒక తల్లీ, కొడుకూ, కోడలూ నడుపుకునే చిన్న త్రత్తోరియా, అంటే మామూలు భోజన హోటలు. ఎనిమిది బల్లలు, గోడ మీద సుద్దముక్కతో రాసిన బోర్డు. మంచి చోటే ఎంచుకున్నావు. కానీ నాలుగు పేజీల్లో ‘అద్భుతం’ పదకొండుసార్లు వచ్చింది, ‘అమ్మ చేతి వంట’ నాలుగుసార్లు. ఆ పెద్దావిడ చేతులు మాత్రం నాకు ఒక్కసారీ కనబడలేదు.

పాతికేళ్ల కిందట అదే ఊళ్లో అలాంటి చోటే తిని, ‘సొంతింట్లో భోంచేసినట్టుంది’ అని రాసి పత్రికకు పంపాను. అచ్చయింది. ఇవాళ తిరగేస్తే అందులో నా మనసు తప్ప ఏమీ లేదు. ఆ ఇల్లాలు ఆ పూట ఏం వండిందో, అదే ఎందుకు వండిందో నేను అడగనేలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ కొట్టు లేదు. నీకా బాధ వద్దని ఇంత వివరంగా రాస్తున్నాను.

‘తినడం అయ్యాక ముప్పావుగంట మమ్మల్ని పట్టించుకోలేదు’ అన్నావు. పట్టించుకున్నారమ్మా. ఇటలీలో అడగందే బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టరు. పెడితే ‘ఇక లేవండి’ అన్నట్టు. మన భోజన హోటళ్లలో చెయ్యి కడుక్కుని వచ్చేలోపు బిల్లు సిద్ధంగా ఉంటుంది, కుర్చీ వెనకాల మరొకరు నిలబడి ఉంటారు. ఆ అలవాటుతో చూశావు. ‘ఇల్ కోంతో’ అని ఒక్క మాట అంటే తెచ్చేవాళ్లు. అలాగే రొట్టెకు డబ్బు వేసి మోసం చేశారన్నావు. అక్కడ రొట్టె బుట్టకు డబ్బు వేయడం మామూలే. బిల్లులో ‘పానె’ అని కనబడుతుంది. ఇటలీలో చాలాచోట్ల బల్ల దగ్గర కూర్చున్నందుకు తలకింత అని ‘కొపెర్తో’ కూడా వేస్తారు. మోసం అన్న మాట రాసేముందు వాళ్లనే అడగాలి. వాళ్లకు తెలుగు రాదు. నువ్వు వేసిన నిందకు జవాబు చెప్పుకునే దారి కూడా వాళ్లకు లేదు.

కాచో ఎ పేపె గురించి ‘నోట్లో కరిగిపోయింది, క్రీమీ టెక్స్చర్’ అని వదిలేశావు. అందులో ఉండేవి మూడే: పాస్తా, పెకోరీనో అనే గొర్రెపాల చీజ్, మిరియాలు. వెన్న లేదు, మీగడ లేదు. మరి ఆ చిక్కదనం ఎక్కడిది? పాస్తా ఉడికిన నీళ్లది, అంటే గంజిది. గంజి అనగానే నీ పాఠకుడి చేతికి ఆ జిగురు తగులుతుంది, ఇంకో విశేషణం అక్కర్లేదు. గిన్నె మరీ వేడిగా ఉంటే చీజ్ ముద్ద కట్టి తీగలు సాగుతుంది. అందుకని పొయ్యి మీంచి దించి, గంజి కొద్దికొద్దిగా పోస్తూ తిప్పుతూనే ఉంటారు. వంటగది తలుపు తెరిచే ఉందని నువ్వే రాశావు కదా! ఆ రెండు నిమిషాలు లేచి వెళ్లి గుమ్మంలో నిలబడి ఉంటే, ఆ చేతులు నీకు దొరికేవి. (మిరియాలు రెండువేల ఏళ్ల కిందటే మలబారు తీరం నుంచి ఓడల్లో రోమ్ చేరేవి. కావాలంటే ఒక్క వాక్యంలో చెప్పు, పాఠం చెప్పొద్దు.)

‘పేగులూ తోకా తినే వింత పేట’ అన్న వాక్యం కొట్టేశాను. ఇది నాకు నిజంగా నొప్పి కలిగించింది. తెస్తాచోలో 19వ శతాబ్దం చివర్లో కట్టిన పెద్ద కబేళా ఉండేది. 1975లో మూతపడింది. పశువును కోసి నాలుగు పావులు చేస్తే మంచి మాంసం డబ్బున్నవాళ్ల ఇళ్లకు పోయేది. మిగిలిన తల, తోక, పొట్ట, పేగులు పేదవాళ్లకు. కబేళా పనివాళ్లకు కూలిలో కొంత వీటి రూపంలోనే ముట్టేదని చెబుతారు. దీన్నే వాళ్లు ‘క్వింతో క్వార్తో’ అంటారు, అయిదో పావు. లెక్కకు నాలుగే ఉండే చోట అయిదోది! ఆ పేరులోనే ఎంత బతుకుందో చూడు. టమాటా, సెలరీ వేసి గంటల తరబడి ఉడికించే తోక కూరకు ఆ పనివాళ్ల పేరే ఉంది. ఆ పేట ఆడవాళ్లు పారేసేదాన్ని పట్టుకుని ఊరంతా మెచ్చే వంట చేశారు. ఆదివారం బోటి కూర వండే ఇంట్లో పెరిగిన తెలంగాణ పాఠకుడికి ఇది వింత కాదు. అతనికి దగ్గరయ్యే చోట నువ్వే అతన్ని దూరం నెట్టావు.

తల్లీ కొడుకులు వంటగదిలో గొడవ పడటం తీసెయ్. లేదా కొట్టు పేరు తీసెయ్. రెండూ కలిపి ఉంచడానికి నేను ఒప్పుకోను. నీకు భాష తెలియదన్న ధైర్యంతోనే వాళ్లు నీ ముందు అరుచుకుని ఉంటారు.

ఇంకొక్కటి. ఉడికించిన బంగాళదుంపా పిండీ కలిపి చేసిన న్యోక్కి తిన్నానన్నావు. రోమ్‌లో అది గురువారం వంట. కేథలిక్కులు మాంసం మానే శుక్రవారానికి ముందురోజు కడుపు నిండా తినాలని. శుక్రవారం చేప గానీ, శనగలు వేసిన పాస్తా గానీ. శనివారం త్రిప్పా, అంటే పశువు పొట్ట. పాత పద్ధతి వదలని కొట్లలో బోర్డు చూసి అది ఏ వారమో చెప్పొచ్చు. నీ వ్యాసంలో మాత్రం వారం లేదు.

బోర్డు ఫొటో తీశానన్నావు, తేదీ చూడు. గురువారమే అయితే ఆ పెద్దావిడ పొద్దున ఎన్నింటికి లేచి, ఎన్ని కిలోల దుంపలు ఒలిచిందో కొడుకును అడుగు. నంబరు ఇచ్చాడన్నావు కదా. జవాబు రాగానే, ఉన్నదంతా పక్కన పెట్టి, ఆ దుంపల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. ఈ నెలాఖరు దాకా నేను ఊళ్లోనే ఉంటాను, పంపించు.