అమ్మమ్మ జ్ఞాపకం గైడు పుస్తకంలా మారితే

అమ్మమ్మతో హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లిన జ్ఞాపకాన్ని రాస్తే అది గైడు పుస్తకంలా తేలిందని మీరు అడిగారు. కారణం, అందులో గుడి కట్టిన సంవత్సరం 1163, కట్టించిన కాకతీయ రాజు రుద్రదేవుడు, త్రికూటాలయం (మూడు గర్భగుడుల ఆలయం) అన్న మాట అన్నీ ఉండి మీరిద్దరూ లేకపోవడమే.

1. ఎండకు కాలిన రాతిపై చెప్పులు విడిచి అడుగు పెట్టిన క్షణంతో మొదలుపెట్టండి. చరిత్రకు ఒక్క వాక్యం చాలు.

2. చాలామంది వదిలేసే పని ఇది: చిత్తుప్రతిలో ప్రతి వాక్యం పక్కన చూసినదా, విన్నదా, చదివినదా, ఊహించినదా అని గుర్తు పెట్టండి. ఊహను కొట్టివేయనక్కరలేదు గాని, "అమ్మమ్మ ఇలా అని ఉంటుంది" అని పాఠకుడికి తెలిసేలా రాయాలి; గుర్తులేని మాటలను ఆమె నోట యథాతథంగా పెడితే అది కథ అవుతుంది.

3. ఆన్‌లైన్‌లో స్ఫూర్తికి తెలుగు వికీసోర్స్ అనే ఉచిత గ్రంథాలయంలో ఏనుగుల వీరాస్వామయ్య రాసిన యాత్రాగ్రంథం "కాశీయాత్ర చరిత్ర" చదవండి. 1830లో బయలుదేరిన ఆయన మజిలీల వివరాలను ఎలా రాసుకున్నారో గమనించండి. భాష పాతదే, చూపు కాదు.